మూడో షెడ్డులో ఈశాన్యం

నమోదు 212

ఈ రోజు మూడో షెడ్డులో మట్టి తీశాను. ఎక్కడ తీశానో రాయనక్కర్లేదు, ఈశాన్యం మూలే. కుజపాలెంలో మట్టికి ఇంకో చిరునామా లేదు.

ఈ నమోదులు భూమికి వెళ్తాయట, అక్కడ ఎవరో చదువుతారట. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అటునుంచి ఒక్క ప్రశ్న రాలేదు కనుక చదివే నాథుడు లేడని తేల్చుకున్నాను. అందుకే కడుపులో మాట దాచుకోకుండా రాస్తాను. నా పేరు తిలోత్తమ. పేరుకి అప్సరసని, పనికి మట్టి పిసుక్కునే మనిషిని.

మట్టి తియ్యడానికి ఒక పద్ధతుంది. షెడ్డంతా వంకరటింకరగా నడిచి, పది పన్నెండు చోట్ల చారెడేసి తీసి, అంతా కలిపి, అందులోంచి గుప్పెడు పరీక్షకి పెట్టాలి. ఇది నేను చదువుకున్నది. మా సంఘం నియమం వేరు. ఏ శుభకార్యమైనా ఈశాన్యంలో మొదలుపెట్టాలి. మట్టి పరీక్ష శుభకార్యమే కనుక అక్కడే మొదలవుతుంది, అక్కడే ముగుస్తుంది. మిగతా షెడ్డు పరీక్షకి నోచుకోలేదు.

పోనీ ఆ మూల మామూలు మూలా అంటే కాదు. నీళ్లు ఈశాన్యం నుంచే రావాలి కనుక ఎరువు నీళ్ల గొట్టం అక్కడే లోపలికొస్తుంది. దాని తూములు అక్కడే ఎక్కువ కక్కుతాయి, అవతలి కొసకి పోయేసరికి దగ్గినట్టు నాలుగు చుక్కలు పడతాయి. పైగా శుక్రవారం పూజకి కొట్టే సొరకాయ (కొబ్బరికాయ మాకు బొమ్మల్లో చూడ్డమే), అభిషేకం చేసే పాలపొడి నీళ్లు, అన్నీ అక్కడి మట్టిలోకే. ఆ మట్టి బలం చూస్తే నాకే ఇంత ఉప్పేసుకుని తినాలనిపిస్తుంది.

ఇక్కడి మట్టిలో ఇనుప రజను ఎక్కువ. అది పోకపోతే పరీక్ష పెట్టె తిక్క లెక్కలు చెబుతుంది. అందుకని మట్టిని ఆరబెట్టి, జల్లించి, సూదంటురాయితో రజనంతా లాగేశాను. ఆ రాయి ఎప్పుడూ నా బొడ్లోనే ఉంటుంది. ఫలితం: నత్రజని పుష్కలం, పొటాష్ పుష్కలం. వంటాయనకి పంపించాను.

వంటాయన అంటే ఎరువు నీళ్లు కలిపే యంత్రం. మట్టిలో బలం ఎక్కువుందని నేను చెబితే నీళ్లలో ఎరువు తగ్గిస్తాడు. ఈ రోజు మళ్లీ తగ్గించాడు. తను తినడు కదా, ఒకరి ఆకలి ఆయనకేం తెలుస్తుంది.

నమోదు 214

మూడో షెడ్డు సాగు చూసే పేరిందేవి పిన్ని పిలిస్తే వెళ్లాను. పిన్ని వరసకి పిన్నే గాని చుట్టరికం లేదు. ఇక్కడ ఎవరూ ఎవరికీ చుట్టం కారు గనుక అందరూ వరసలు కలిపేసుకున్నాం.

"ఇటు రామ్మాయ్. నైరుతి మూల టమాటాలు చూడు. కింద ఆకులన్నీ పసుపు పూసినట్టున్నాయి."

"పేరంటానికి పోతన్నాయేమో పిన్నీ," అన్నాను.

"నవ్వులాట కాదు. అంచులు మాడతన్నాయి. పూత నిలవట్లా. నీ లెక్కల్లో బలముందంటావు. ఆ బలం యాడుందో ఈటికి కాస్త చెప్పరాదా?"

నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఇది టమాటాల సంగతి ఒక్కటే కాదు. పంట తప్పిన షెడ్డు మనిషిని మంచు గనికి పంపడం ఇక్కడి రివాజు. మాకు నీళ్లు ఆ మంచు కరిగిస్తేనే వస్తాయి. పిన్ని వయసులో ఉన్నప్పుడు అక్కడ మంచు కోసి, ఒక ఊపిరితిత్తి గని దుమ్ముకే ఒప్పజెప్పి వచ్చింది. ఇంకొక్క పంటకాలం అక్కడుంటే తిరిగి రాదని డాక్టరు ఆమె ముందే చెప్పాడు. ఆమెకి ఆ మొక్కలు ఆకుకూరలు కావు, ఆక్సిజన్.

పసుపెక్కిన మొక్కల దగ్గరే ఈమధ్య ముదిరిన ఆకులు కాడలతో సహా కోసుకున్నాను. కాడలు పిండి రసం తీసి పెట్టెలో చుక్క వేశాను. నత్రజని సగానికి సగం లేదు, పొటాష్ అడుగంటింది. మట్టేమో కడుపునిండా తిన్నానంటోంది, ఆకేమో మెతుకు చూసి ఎన్నాళ్లయిందో అంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. మట్టికి నోరిచ్చింది నేనే కనుక ఎవరో నాకు తెలుసు.

నమోదు 217

రెండు ఫలితాలూ పట్టుకుని సంఘం ముందు నిలబడ్డాను. అధ్యక్షులు ఆదిశేషయ్య గారు, ఆయన పక్కన వాస్తు నిర్ణేత చక్రధరం గారు. ఊళ్లో గాలి ఎంత వదలాలో ఆయన చెబుతారు, ఎటు వదలాలో ఈయన చెబుతారు.

పెళ్లిళ్లలో కుజదోషం అడగడం మా తాతల నాడే మానేశారు. కుజుడి మీదే కాపురముండి ఒకరికొకరు వంక పెట్టుకోవడం బాగుండదని. అక్కడ మిగిలిన భక్తంతా వాస్తులోకి వచ్చి చేరింది.

"మట్టి బాగుంది, ఆకు బాలేదు. ఈ రెండూ ఎట్టా కుదురుతాయమ్మా?" అన్నారు ఆదిశేషయ్య గారు.

"కుదరవండి. మట్టి తీసే చోటు తప్పు. షెడ్డంతా తిరిగి తియ్యాలి."

చక్రధరం గారు కళ్లు తెరిచారు. "ఆకు యాడ కోశావు?"

"నైరుతిలోనండి. జబ్బు అక్కడుంది గనక."

"అదీ సంగతి," అన్నారాయన, జబ్బు దొరికిన వైద్యుడిలాగా. "నైరుతి రాక్షస స్థానం. అక్కడి ఆకు నిజం చెప్పదు. ఆకు కూడా ఈశాన్యంలోనే కొయ్యి, రెండూ ఎట్టా కుదరవో చూద్దాం."

తీర్మానం ఏకగ్రీవం. జ్వరం నుదుటి మీద కనబడుతోందంటే, అయితే థర్మామీటరు చెప్పుకి పెట్టి చూడమన్నట్టుంది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని చక్రధరం గారు నన్ను చూసి సామెత కూడా చెప్పారు. నా పక్కన పిన్ని నిలబడి అంతా వింది. బయటికొచ్చాక ఒకటే అడిగింది.

"గని బండి మళ్లీ ఎప్పుడు బయల్దేరుద్దమ్మాయ్?"

నమోదు 221

రెండూ కుదిరాయి. ఈశాన్యం మట్టి బ్రహ్మాండం, ఈశాన్యం ఆకు బ్రహ్మాండం. గొట్టం నోటి దగ్గర పెరిగే ఆ నాలుగు మొక్కలూ సంఘం సభ్యుల్లాగే నిగనిగలాడుతున్నాయి. మూడో షెడ్డుకి ఉత్తమ షెడ్డు అని పట్టీ కట్టారు. వంటాయన ఎరువు ఇంకాస్త తగ్గించాడు. పట్టీ కింద మొక్కలు ఎండిపోతున్నాయి.

కోతకొచ్చేసరికి కాయ మూడో వంతు కూడా లేదు. ఇక్కడ మా పెద్దల తెలివి గురించి వివరంగా రాయాలి. మట్టిలో బలముంది. ఆకులో బలముంది. కాయ మాత్రం లేదు. అయితే కాయ ఏమైనట్టు? కాసే ఉంటుంది. కాస్తే ఎక్కడికి పోతుంది? ఎవరో తిన్నారు. ఎవరు తిన్నారు? షెడ్డులో ఉండేదెవరు?

పిన్ని గది వెతికించారు. ఒక జాడీ దొరికింది. అందులో రెండు స్పూన్ల టమాటా పచ్చడి, అదీ ఆమె వాటాకొచ్చిన కాయలతో పట్టిందే. ఆదిశేషయ్య గారు ఆ జాడీని బల్ల మీద పెట్టించి, మూత తీసి, వాసన చూసి, వేలితో నాకి, సాక్ష్యం గట్టిదేనన్నారు.

"నేను దొంగనయితే ఈ ఆకులెందుకు పసుపెక్కినయి? ఆటిని కూడా నేనే కాజేశానా?" అంది పిన్ని.

ఆదిశేషయ్య గారు జాడీకి మూత బిగించారు. వచ్చే శుక్రవారం దిక్కు పూజ, పూజ కాగానే బయల్దేరే గని బండిలో పేరిందేవి. ఇది తీర్పు. ఇకముందు దొంగతనాలు జరగకుండా ఆదిశేషయ్య గారు షెడ్డులో సగం చీకటిగా ఉండే మూల ఒక ఎత్తు కుర్చీ వేయించుకుని స్వయంగా కాపలా కూర్చుంటారట. సాయంత్రం చూస్తే కుర్చీ కింద నాలుగు టమాటా ముచికలు పడున్నాయి. కాపలా బాగా సాగుతోంది.

ఆడలేక మద్దెల ఓడన్నారని విన్నాను గాని, మద్దెలని గనికి పంపడం ఇక్కడే చూస్తున్నాను. నాకు కోపం వచ్చింది. రాసి చూసుకుంటే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

నమోదు 222

ఈ రోజు నియమం పక్కనపెట్టి షెడ్డంతా వంకరటింకరగా నడిచాను. పన్నెండు చోట్ల మట్టి తీశాను, కలిపాను, పరీక్షించాను. నేలలో బలం లేదు. ఆ మట్టి ఒక గిన్నెలో పోసుకుని, ఫలితంతో సహా ఆదిశేషయ్య గారింటికి పట్టుకెళ్లాను. ఆయన గుమ్మంలోనే ఆపారు.

"ఇందులో నైరుతి మట్టుందా?"

"ఉందండి. అన్ని దిక్కుల మట్టీ ఉంది."

"ముందు బయటికి పో. కాళ్లు కడుక్కుని, ఆ గిన్నె పారేసి, అప్పుడు రా."

కాళ్లు కడుక్కున్నాను. గిన్నె పారేశాక ఇక చూపించడానికేం మిగిలింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, పోనీ ఆ పూజారినే అడుగుదామని చక్రధరం గారింటికి వెళ్లాను.

ఆయన పూజ కోసం దిక్సూచి తుడుచుకుంటున్నారు. వాళ్ల తాతగారు భూమి నుంచి తెచ్చిన ఇత్తడి దిక్సూచి. నిజానికి ఈ గ్రహానికి భూమికున్నట్టు అయస్కాంత బలం లేదు, ఇక్కడ దిక్సూచికి ఉద్యోగం లేదు. బయటికెళ్లి సూర్యుడు ఎటు పొడుస్తున్నాడో చూస్తే తూర్పేదో తేలిపోతుంది. కాని బయటికెళ్లాలంటే ముసుగు తగిలించుకోవాలి, ఆ ముసుగు ఇంకొకరు వాడింది, అది ఆయన మడికి పనికిరాదు. అందుకని సూర్యుణ్ణి పక్కనపెట్టి ముల్లుని నమ్ముకున్నారు.

నేను వంగి పిన్ని సంగతి చెబుతున్నాను. ముల్లు నా నడుం వైపు తిరిగింది.

"జరుగమ్మాయ్, నీ నీడ పడి దిక్కు చెదురుతోంది," అన్నారు.

జరిగాను. ముల్లు నాతోపాటే జరిగింది. ఇటు జరిగాను, ఇటొచ్చింది. బొడ్లో రాయి చల్లగా తగిలింది.

అప్పుడు అర్థమైంది. ఈ ముల్లుకి ఉత్తరమూ తెలీదు, దక్షిణమూ తెలీదు. దగ్గర్లో ఏ అయస్కాంతముంటే దాన్ని చూస్తుంది. వాళ్ల తాతగారు దీన్ని మూడో షెడ్డు నడుమ పెట్టిన రోజున అక్కడ ఒక గోడకి నీళ్ల మోటారుంది. ముల్లు మోటారుని చూసింది. ఆయన ఉత్తరమని దండం పెట్టి, ఆ గోడకి కుడి పక్క మూల ఈశాన్యమన్నారు. మూడు తరాలుగా మేం పాలపొడి పోసి మొక్కుతున్నది మోటారుకి.

చెబుదామని నోరు తెరిచాను, మళ్లీ మూశాను. నిజం చెప్పి కాళ్లు కడుక్కోవడం ఈ పూట ఒకసారి అయింది.

నమోదు 225

దిక్కు పూజ. ఊరంతా షెడ్డులో ఉంది. నడుమ పీట, పీట మీద దిక్సూచి. నేరస్తురాలు మిగతావాళ్లలో కలవకూడదు గనుక పిన్నిని పీటకి అవతలి పక్కన, మోటారు గోడకి ఎదురు గోడ వైపు ఒంటరిగా నిలబెట్టారు. ఆ నియమం నాకు ముందే తెలుసు. జీవితంలో మొదటిసారి సంఘం నియమానికి దండం పెట్టాను.

పిన్ని కొప్పు ఈ రోజు కాస్త పెద్దదిగా ఉంది. లోపల నా సూదంటురాయి ఉంది. పీటకి రెండడుగులే దూరం. మోటారు చాలా అవతలుంది.

చక్రధరం గారు మూత తీశారు. ముల్లు గిరగిరా తిరిగి, పిన్నిని చూస్తూ ఆగింది.

ఊరంతా పిన్ని వైపు తిరిగింది. ముందుగా తేరుకున్నది ఆదిశేషయ్య గారు. "చూశారా, దొంగని చూపించింది," అన్నారు.

ఈ కోణం నేను ఆలోచించలేదు. ముల్లుని తిప్పగలిగాను గాని మనుషుల బుర్రలు ఎటు తిరుగుతాయో లెక్కేసుకోలేదు. చేతులారా నేనే ఆమెని బండెక్కించానా అనిపించింది.

కాపాడింది చక్రధరం గారు. పిన్ని మీద దయతో కాదు. "నా ముల్లు దిక్కుని చూపిస్తుంది, దొంగల్ని పట్టడానికి అదేమన్నా పోలీసు కుక్కా?" అన్నారు, ముఖం ఎర్రగా చేసుకుని. "మూడు తరాల ముల్లు. అది అటు చూస్తే అది ఉత్తరం."

"నిన్నటిదాకా అది దక్షిణం కదండీ?" అన్నారు ఆదిశేషయ్య గారు.

"నిన్నటి సంగతి నిన్నటిది. గ్రహం తిరగట్లా? ఆదిశేషయ్యా, నువ్వు గాలి సంగతి చూసుకో, దిక్కు నాకొదిలెయ్యి."

ఉత్తరం అటైతే, ఆ గోడకి కుడి పక్క మూల ఈశాన్యం. అంటే నిన్నటి నైరుతి. అంటే ఆకులు పసుపెక్కిన మూల. ఈశాన్యమన్నాక అక్కడే మట్టి తియ్యాలి. అందరి ముందూ తీశాను, అందరి ముందూ పరీక్షించాను. నత్రజని లేదు, పొటాష్ లేదు. ఊరు అయ్యో అంది. వంటాయనకి పంపించాను. పాపం, ఆయనకి దిక్కుల పట్టింపు లేదు, చెప్పింది చెప్పినట్టు ఎరువు పెంచాడు.

ఇక ఆడమనిషిని ఈశాన్యంలోంచి వెళ్లగొడితే లక్ష్మి వెళ్లిపోయినట్టేనట. పిన్ని రోజూ కూచుని అన్నం తినేది ఆ మూలే. బండి ఖాళీగా వెళ్లింది.

నమోదు 231

కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. పూత నిలిచింది. పిన్ని మొక్కలతో మాట్లాడుతోంది, ఎక్కువగా తిడుతోంది. "ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాళ్లల్లే ఉన్నారే, ఇప్పుడు తింటన్నారా," అంటూ.

చక్రధరం గారికి శాలువా కప్పారు. దిక్కు దోషం కనిపెట్టి పంటని కాపాడినందుకు.

కాని ఈశాన్యం మారిందంటే గొట్టమూ మారాలి కదా. మార్చేశారు. ఎరువు నీళ్లు ఇప్పుడు కొత్త ఈశాన్యంలో ముందు పడుతున్నాయి. సొరకాయలూ అక్కడే కొడుతున్నారు. అవతల మోటారు పక్క మూలలో, నిన్నటిదాకా నిగనిగలాడిన నాలుగు మొక్కలకీ కింద ఆకులు పసుపెక్కాయి. నేను నవ్వుకుని, ఆ తర్వాత భయపడ్డాను. ఇలాగే వదిలేస్తే వచ్చే పంటకి మళ్లీ ఒక దొంగ కావాలి.

పిన్నితో చెప్పాను. ఆమె కొప్పు తడుముకుంది.

"అయితే ముల్లుకి మళ్లీ తిక్క పుట్టాల్సిందేలే," అంది.

నమోదు 244

మూడు పూజలయ్యాయి. ఒక్కోసారి ఒక్కో కొత్త వైపు చూసింది ముల్లు. చక్రధరం గారు రాత్రింబగళ్లు ఆలోచించి, కుజుడి మీద ఈశాన్యం సంచారం చేస్తుందని ప్రకటించారు. సంచారం చేసే దిక్కుకి నెలనెలా పూజ తప్పదు. నెలనెలా పూజకి నెలనెలా సంభావన తప్పదు. ఆయన ఇంత ఆనందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నెలకోసారి గొట్టం పీకి వెయ్యలేక మోటారు మేస్త్రీ విసిగిపోయి, షెడ్డు నాలుగు గోడల చుట్టూ గొట్టం వేసి అన్ని వైపులా సమానంగా తూములు పెట్టేశాడు. ఈశాన్యం ఎక్కడికైనా పోనీ, నీళ్లు అక్కడుంటాయన్నాడు. నేను నెలనెలా ఒక కొత్త మూల మట్టి తీస్తున్నాను. వంకరటింకరగా నడవాలని నేను చదువుకున్నాను. ఈ ఊళ్లో నన్ను నడవనివ్వలేదు గాని, ఈశాన్యం నడుస్తానంటే ఎవరూ కాదనలేదు.

ఈ నెల కాయ దండిగా వచ్చింది. పంచేటప్పుడు పిన్ని ఆదిశేషయ్య గారి ఎత్తు కుర్చీ దగ్గరికెళ్లి నిలబడింది.

"అయ్యా, నేను దొంగని కాదని కూడా ఒక మాట చెప్పిస్తారా? ఊళ్లో పిల్లలు ఇంకా జాడీ పిన్ని అంటన్నారు."

ఆయన చేతిలో టమాటా ఉంది. మింగి చెప్పారు. "దిక్కు తప్పిందని చెప్పాం కదమ్మా. ఇంకేం కావాలి? సంఘం తప్పు చేసిందని చెప్పమంటావా?"

పిన్ని తన వాటా బుట్ట తీసుకుని నాతోపాటు నడిచింది. ఆమె ఆయాసం తగ్గేదాకా గట్టు మీద కూర్చున్నాం. మా ఎదురుగా ఈశాన్యం ఇంకా అడుగుపెట్టని ఆ చీకటి మూల, ఆ కుర్చీ, కుర్చీలో నిండుగా ఆదిశేషయ్య గారు.

"అమ్మాయ్, ఈశాన్యంలో బరువుండకూడదంటారు గదా?" అంది పిన్ని.

"ఉండకూడదు పిన్నీ. అరిష్టం. పీకి బయట పారేస్తారు."

"కుర్చీనేనా, మనిషిని కూడానా?"

"దాంట్లో కూర్చున్నవాళ్ల బరువుని బట్టి."

ఆమె కొప్పు విప్పి, రాయి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ లోపల పెట్టి గట్టిగా ముడేసుకుంది. వచ్చే శుక్రవారం పూజ. పిన్ని ఎక్కడ నిలబడాలో ఈ పూట ఇద్దరం కొలిచి చూసుకున్నాం.